స్టాప్‌వాచ్ పట్టుకుని కారిడార్‌లో ఆరు వారాలు

పక్షవాతం పేషెంట్లకు ఎమర్జెన్సీలో చికిత్స త్వరగా అందించాలని మేం పెట్టుకున్న మొదటి గ్రాంట్ అప్లికేషన్ వెనక్కొచ్చిన రోజు నాకు నైట్ డ్యూటీ. డ్రెస్ మార్చుకుంటుంటే ఫోన్‌లో మెయిల్ కనిపించింది. ఈ విడతలో మీ ప్రతిపాదనకు నిధులు ఇవ్వలేకపోతున్నాం అన్న మొదటి లైను చదివి, ఫోన్ లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్లిపోయాను. ఆ రాత్రి సీరియస్ కేసులు ఉంచే రెడ్ జోన్‌లో ఒక్క బెడ్డూ ఖాళీ లేదు. పొద్దున హ్యాండోవర్ ఇచ్చి, చేతులు కడుక్కుని, మెట్ల మీద కూర్చునేసరికి ఎనిమిదిన్నర. అప్పుడు చదివాను మిగతాది.

ముగ్గురు రివ్యూయర్లు రాశారు. ఇద్దరు ఏం రాశారో ఇప్పుడు గుర్తు లేదు. మూడోవారి మాట మాత్రం మూడేళ్లయినా నాకు నోటికి వచ్చు. "ఆలస్యం జరుగుతోందని దరఖాస్తుదారులు చెబుతున్నారు. అది ఎక్కడ జరుగుతోందో కొలిచిన ఆధారం అప్లికేషన్‌లో లేదు."

నిజమే, మేం కొలవలేదు. పదహారేళ్లుగా ఎమర్జెన్సీలో నర్సుగా పని చేస్తున్నాను, నాకు తెలుసనుకున్నాను.

అత్యవసర వైద్యంలో కొత్త పద్ధతులకు డబ్బిచ్చే పథకాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటికి అప్లై చేయాలనుకునే నర్సులు, డాక్టర్లు, ఆంబులెన్స్‌లో వైద్యం చూసే పారామెడిక్‌లు అప్పుడప్పుడు నాకు మెసేజ్ పెడుతుంటారు, ఫారం ఎలా నింపాలక్కా అని. ఫారం గురించి చెప్పాల్సింది తక్కువే. ఫారం తెరవక ముందు జరగాల్సిన పని గురించే చాలా చెప్పాలనిపిస్తుంది. అందుకే మా కథ మొదటి నుంచీ రాస్తున్నాను.

పక్షవాతం కేసు వస్తోందంటే పారామెడిక్ దారిలోంచే మాకు ఫోన్ చేస్తారు. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ టేబుల్ మీద దానికోసమే ఒక ఎర్ర ఫోన్ ఉంది. ఎవరు దగ్గరుంటే వాళ్లు ఎత్తి, చేతికి దొరికిన కాగితం మీద రాసుకుంటారు. వయసు, బీపీ, షుగర్, ఏ వైపు చెయ్యీ కాలూ పడిపోయాయి, ఎన్ని నిమిషాల్లో వస్తున్నారు. ఒకసారి ఆ కాగితం ఈసీజీ రిపోర్టుల కింద దొరికింది. అప్పటికి పేషెంట్ వచ్చి ఇరవై నిమిషాలైంది. ఆ మనిషి భార్య గోడకి ఆనుకుని నిలబడి, మేం కాగితం వెతుక్కోవడం చూస్తూ ఉంది. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. గ్రాంట్‌కి అప్లై చేయాలన్న పట్టుదల నాకు వచ్చింది అక్కడే.

మా బయోమెడికల్ ఇంజినీర్ చిన్నవాడు, మానిటర్లూ వెంటిలేటర్లూ బాగు చేస్తాడు, పని మీద ప్రాణం పెడతాడు. జరిగింది చెబితే, "సిస్టర్, యాప్ చేసేద్దాం. పారామెడిక్ అక్కడ వివరాలు కొడితే ఇక్కడ మీ గోడ మీద స్క్రీన్‌లో పడాలి" అన్నాడు. నాకు చాలా నచ్చింది. ట్యాబ్‌లు, స్క్రీన్లు, సాఫ్ట్‌వేర్, సర్వర్, అన్నీ లెక్క కట్టి అడిగాం. అడిగిన మొత్తంలో మనుషుల సమయానికి ఒక్క పైసా లేదు. ఆ సంగతి అప్పుడు మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఆ మెయిల్ చదివాక ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గరికి వెళ్లి, నేను కారిడార్‌లో నిలబడి టైములు రాసుకుంటానని అడిగాను. ఆవిడ ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. పేషెంట్‌కి నా చెయ్యి అవసరమైతే వాచీ జేబులో పెట్టేయాలి. ఆరు వారాలు, సెలవు రోజుల్లోనూ, డ్యూటీకి ముందూ తర్వాతా నిలబడ్డాను. కొన్ని కేసుల్లో వాచీ జేబులోకి వెళ్లింది, వాటి లెక్కలు సగంలోనే ఆగిపోయాయి. పేర్లు రాయలేదు. ఫోన్ ఎప్పుడు మోగింది, ఎప్పుడు పెట్టేశారు, ఆంబులెన్స్ తలుపు ఎప్పుడు తెరుచుకుంది, డాక్టర్ ఎప్పుడు చూశారు, సీటీ గదిలోకి ఎప్పుడు వెళ్లారు, రిపోర్టు ఎప్పుడు చెప్పారు, ఇంజెక్షన్ ఎప్పుడు మొదలైంది. అంతే.

ఎర్ర ఫోన్‌లో మాట్లాడడానికి ఒక నిమిషం కూడా పట్టడం లేదు. ఆ ఆరు వారాల్లో కాగితం కనిపించకుండా పోయింది ఒక్కసారే. నా మనసులో పెద్ద గాయంలా ఉన్న సమస్య, వాచీలో చూస్తే చాలా చిన్నది.

పోయిన నిమిషాలు వేరేచోట ఉన్నాయి. ఆంబులెన్స్ స్ట్రెచర్ మీంచి మా ట్రాలీ మీదికి, ట్రాలీ మీంచి బెడ్ మీదికి, ఈసీజీ అయ్యాక మళ్లీ ట్రాలీ మీదికి, అక్కణ్నుంచి సీటీ బల్ల మీదికి. మనిషిని ఎత్తి దించిన ప్రతిసారీ నలుగురు కావాలి. నలుగురూ ఒకేసారి ఖాళీగా ఉండరు, ఒకరి కోసం ముగ్గురు నిలబడతారు. ఇక బరువు. రక్తం గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్ డోసు బరువును బట్టి లెక్క కట్టాలి. మాట పడిపోయిన మనిషిని మీ బరువెంత అని అడగలేం. బరువు చూపించే బెడ్ మాకు ఒక్కటే ఉంది, అది ఎప్పుడూ ఇంకెవరి కిందో ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ నిమిషాలు తినేసింది ఒక ప్రశ్న. ఈ మనిషి మామూలుగా ఉండగా చివరిసారి ఎవరు చూశారు, ఎన్ని గంటలకి? ఆ ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి కాబట్టి ఆ సమాధానం లేకుండా డాక్టర్ ముందుకెళ్లలేరు. సమాధానం తెలిసినవాళ్లు వెనకాల ఇంకో బండిలో వస్తుంటారు, ట్రాఫిక్‌లో ఉంటారు, లేదా తలుపు తాళం వేసి బయల్దేరడానికే ఆలస్యమై ఉంటుంది. వాళ్ల ఫోన్ నంబర్ ఎవరూ తీసుకుని ఉండరు. మేం వాళ్ల కోసం గుమ్మం వైపు చూస్తూ ఉంటాం. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన పక్షవాతంలో, వైద్యం అందని ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే న్యూరాలజిస్ట్ లెక్క కట్టారు. ఆ అంకె ఎన్నో క్లాసుల్లో విన్నాను, ఇంకొకరికి చెప్పాను కూడా. కారిడార్‌లో వాచీ చూస్తూ నిలబడ్డప్పుడే అది నాకు లోపలికి దిగింది.

మా యాప్ తయారై గోడ మీద వెలిగినా ఈ మూడింటిలో ఒక్క నిమిషమూ తగ్గేది కాదు. ఆ మాట మా ఇంజినీర్‌కి చెప్పడానికి నాకు మనసొప్పలేదు. మూడు నెలలు రాత్రుళ్లు కూర్చుని చేశాడు పాపం. నా కాగితాలన్నీ చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నంబర్ తీసుకోవడానికి యాప్ ఎందుకు సిస్టర్, అడిగితే చాలు కదా" అన్నాడు. రెండు రోజుల తర్వాత హెల్సింకి పేపర్ వెతికి తెచ్చిందీ అతనే.

ఆ పేపర్ గురించి కాస్త వివరంగా చెబుతాను. ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ ఆస్పత్రిలో పక్షవాతం పేషెంట్ గుమ్మంలోకి వచ్చినప్పటి నుంచి ఇంజెక్షన్ మొదలయ్యేదాకా 1998లో మధ్యస్థ లెక్కన (సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ) 105 నిమిషాలు పట్టేది. 2011కి అది 20 నిమిషాలకు వచ్చింది. ఒక్క యంత్రంతో వచ్చిన తేడా కాదది. పన్నెండు చిన్న చిన్న మార్పులు, ఒకదాని తర్వాత ఒకటిగా, ఏళ్ల తరబడి చేసుకుంటూ వచ్చారు. ఆంబులెన్స్ దారిలో ఉండగానే పేషెంట్ వివరాలు తీసుకుని పరీక్షలు ఆర్డర్ చేసేయడం, బంధువులతో ముందే ఫోన్‌లో మాట్లాడడం, పేషెంట్‌ని మధ్యలో ఎక్కడా దించకుండా సీటీకి తీసుకెళ్లడం, స్కాన్‌ని వెంటనే చదివేయడం, ఇంజెక్షన్ సీటీ బల్ల మీదే మొదలుపెట్టడం. మా కారిడార్‌లో నేను రాసుకున్న మూడు చోట్లలో రెండు అందులో ఉన్నాయి. నాకు సంతోషమూ వేసింది, ఏడుపూ వచ్చింది. ఈ పేపర్ 2012లోనే అచ్చయింది.

దీన్ని మెల్‌బోర్న్‌లో ఇంకో ఆస్పత్రి వాళ్లు నాలుగు నెలల్లో అమలు చేసి చూశారు. పగటి పనివేళల్లో 43 నిమిషాల నుంచి 25కి తగ్గింది. పనివేళలు దాటాక వచ్చిన పేషెంట్లకు మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకి ఆ వాక్యం ఎలా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. మనుషులు ఉన్న వేళల్లో పద్ధతి పనిచేసింది. మా రెండో అప్లికేషన్ అంతా ఆ ఒక్క విషయం చుట్టూ రాశాం.

రెండోసారి అడిగిన డబ్బు మొదటిసారి అడిగినదానిలో నాలుగో వంతు కూడా లేదు. అందులో ఎక్కువ భాగం జీతాలే. వారానికి రెండు రోజులు నేనూ, ఒక పారామెడిక్కూ మామూలు డ్యూటీ నుంచి బయటికొచ్చి ఈ పని చేయాలంటే మా స్థానంలో ఇంకొకరు నిలబడాలి, వాళ్ల జీతం. అందులో సగం గంటలు రాత్రివి. స్ట్రెచర్‌తో సహా బరువు తూచే నేల త్రాసు ఒకటి, ఆంబులెన్స్ గుమ్మం దగ్గర. ఎర్ర ఫోన్ పక్కన పెట్టే ఒక పేజీ ఫారం, అందులో మొదటి గడి బంధువు ఫోన్ నంబర్‌ది. ఫలితాలు లెక్క కట్టడానికి ఒక స్టాటిస్టీషియన్ సమయం కొంత. అంతే బడ్జెట్.

ప్యానెల్ ఇంటర్వ్యూలో ఒకాయన మర్యాదగానే అడిగారు, "మేడమ్, ఇందులో ఇన్నోవేషన్ ఎక్కడుంది?" అని. చాలామంది అప్లికేషన్లు ఆగిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. కొత్త అంటే కొత్త వస్తువే అనుకునే అలవాటు డబ్బిచ్చేవాళ్లలోనూ ఉంది, అడిగే మాలోనూ ఉంది. ఆ రోజు నేను క్రాష్-2 అనే మందు పరీక్ష (ట్రయల్) గురించి చెప్పాను.

రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్జామిక్ యాసిడ్ జపాన్‌లో ఉతాకో ఒకామోతో, ఆవిడ భర్త షోసుకే కలిసి కనుగొన్న మందు. 1962లో దాని గురించి ప్రచురించారు. చవకైనది, పేటెంట్ కాలం ఎప్పుడో అయిపోయింది. యాక్సిడెంట్‌లో రక్తం పోతున్న మనిషికి అది పనిచేస్తుందా అన్నది తేల్చాలంటే వేల మంది మీద ట్రయల్ చేయాలి. పాత చవక మందు మీద అంత పెట్టుబడి పెడితే తిరిగొచ్చే లాభం ఏ కంపెనీకీ కనిపించదు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ నుంచి నడిచిన ఆ ట్రయల్‌కు ముఖ్యంగా బ్రిటన్ ప్రభుత్వ పరిశోధన నిధులే ఆధారం. 40 దేశాలు, 274 ఆస్పత్రులు, 20,211 మంది పేషెంట్లు. 2010లో ఫలితం వచ్చింది, మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. మరుసటి ఏడాది ఇంకో విశ్లేషణ వచ్చింది. గాయమైన మూడు గంటల లోపు ఇస్తే మేలు, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు, మూడు గంటలు దాటాక ఇస్తే రక్తస్రావంతో చనిపోయే ప్రమాదం పెరుగుతున్నట్టు కనిపించింది. దాదాపు యాభై ఏళ్ల నాటి మందు. కొత్తగా తెలిసింది దాన్ని ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలన్నది. గ్రాంట్ డబ్బు కొన్నది ఆ తెలివిడిని. ప్యానెల్ ఆయన రాసుకున్నారు, ఇంకేం అడగలేదు.

నేను పరికరాలకు వ్యతిరేకిని అనుకోకండి. 1965లో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే గుండె డాక్టర్, గుండెకు కరెంట్ షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ని కారు బ్యాటరీలతో నడిచేలా తయారు చేయించినప్పుడు అది 70 కిలోలు ఉండేది. దాన్ని ఆంబులెన్స్‌లో ఎక్కించారు. మూడేళ్లకే అది సుమారు 3 కిలోలకు తగ్గింది. ఈ రోజు రైల్వే స్టేషన్ గోడకి తగిలించి ఉన్న డబ్బా ఆ 70 కిలోల పెట్టె సంతానమే. కానీ పాంట్రిడ్జ్ ముందు చూసింది లెక్కనే. గుండెపోటుతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది మొదటి గంటల్లో, ఆస్పత్రికి చేరకముందే పోతున్నారన్న లెక్క. నిమిషాలు ఎక్కడ పోతున్నాయో తెలిసింది కాబట్టి పరికరం ఎక్కడ ఉండాలో తెలిసింది.

కొన్ని పథకాలు ఈ క్రమాన్ని తమ నిబంధనల్లోనే పెట్టుకున్నాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ కోసం నడిచే ఎస్‌బీఆర్‌ఐ హెల్త్‌కేర్ కార్యక్రమంలో సమస్యను ఆరోగ్య వ్యవస్థే ముందు ప్రకటిస్తుంది, పరిష్కారాలతో చిన్న కంపెనీలు వస్తాయి. మొదటి దశకు సాధారణంగా ఆరు నెలల గడువు, లక్ష పౌండ్ల దాకా డబ్బు, అసలు ఇది సాధ్యమేనా అని తేల్చుకోవడానికి. తేలితేనే పెద్ద మొత్తంతో రెండో దశ. నాకు ఇది సరైన పద్ధతి అనిపిస్తుంది. మొదటి దశలో ఇది పనికిరాదని తేలినా ఆ డబ్బు దండగ కాదు. మా యాప్ పనికిరాదని చెప్పడానికి నా ఆరు వారాల సెలవులు ఖర్చయ్యాయి. ఆ ఖర్చు ఒక నర్సు సొంత సెలవుల్లోంచి రాకూడదు. ఇది మాత్రం గట్టిగానే అంటాను. ఎమర్జెన్సీలో సమస్య తెలిసినవాళ్లకి రాసే తీరిక ఉండదు, తీరిక ఉన్నవాళ్లు రాసినవే ప్యానెల్ ముందుకి వెళ్తాయి. అప్లికేషన్ రాయడానికీ, కొలవడానికీ చిన్న మొత్తం ముందే ఇచ్చే పథకాలు ఇంకా చాలా రావాలి.

ఇప్పుడు సమ్మతి సంగతి. ఎమర్జెన్సీ గ్రాంట్లు రాసేవాళ్లు ఎక్కువ తడబడేది ఇక్కడ. పరిశోధనలో పాల్గొనాలంటే పేషెంట్ అర్థం చేసుకుని ఒప్పుకోవాలి. స్పృహలో లేని మనిషి ఎలా ఒప్పుకుంటాడు? బంధువు వచ్చేదాకా ఆగితే మందు ఇచ్చే వేళ దాటిపోతుంది. క్రాష్-2 లాంటి ట్రయల్స్‌లో ముందు చికిత్స మొదలుపెట్టి, పేషెంట్‌కో బంధువుకో తర్వాత చెప్పి సమ్మతి తీసుకునే పద్ధతికి ఎథిక్స్ కమిటీలు అనుమతి ఇచ్చాయి. అమెరికాలో 1996 నుంచి దీనికి ప్రత్యేక నిబంధన ఉంది. ఆ పరిశోధన జరగబోయే ప్రాంతం ప్రజలతో ముందే సంప్రదించాలి, బహిరంగంగా ప్రకటించాలి. మా పనిలో కొత్త మందేమీ లేదు కాబట్టి మాకు అంత అవసరం పడలేదు. అయినా పేషెంట్ టైములు వాడుకుంటున్నామని వాళ్లకు ఎప్పుడు, ఎవరు, ఏ మాటల్లో చెప్పాలన్నది రాయడానికే రెండు వారాలు పట్టింది. ఈ భాగాన్ని ఆఖరి రోజుకి వదిలేయకండి. రివ్యూయర్లు దీన్ని ముందు చదువుతారు.

మాకు ఆ మాటలు రాసిచ్చింది ఒక పేషెంట్ భార్య. పేషెంట్ల కుటుంబాల నుంచి ఒకరు టీమ్‌లో ఉండాలని గ్రాంట్ నిబంధన. మొదట్లో దాన్ని నేను ఒక గడి నింపే పనిగానే చూశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. మా డ్రాఫ్ట్ చదివి ఆవిడ అన్నారు, "మీ ఆయన వివరాలు వాడుకోవచ్చా అని ఆ రాత్రి నన్ను అడిగితే, ఆయన పోయారేమో అనుకునేదాన్ని. ముందు ఆయన ఎలా ఉన్నారో చెప్పండి, తర్వాత అడగండి." ఫారంలో వరస మార్చాం. ఇంకో మాట కూడా ఆవిడదే. ఆంబులెన్స్ బయల్దేరేటప్పుడు ఆవిడ నంబర్ ఎవరైనా అడిగి ఉంటే, ఆయన్ని మామూలుగా చూసిన టైము, వేసుకునే మాత్రల పేర్లు అన్నీ ఫోన్‌లో చెప్పేసేదాన్నని. ఆవిడ ఆ రోజు బండిలో ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నారట.

గ్రాంట్ వచ్చింది. పద్దెనిమిది నెలలు పనిచేశాం. నేల త్రాసు రావడం నాలుగు నెలలు ఆలస్యమైంది, సరఫరాదారుతో ఉత్తరాలు నడపడానికే నా వారంలో ఒక రోజు పోయేది. పారామెడిక్‌లు నంబర్ తీసుకోవడం మొదటి నెలలో మరిచిపోయేవారు, తప్పు వాళ్లది కాదు, పడిపోయిన మనిషి పక్కన మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఇంకో ప్రశ్న గుర్తు పెట్టుకోవడం కష్టం. మా పారామెడిక్ సభ్యుడు ఆ ప్రశ్నను షుగర్ చూసే పనికి జత చేశాడు. వేలికి సూది గుచ్చుతూ, పక్కనున్నవాళ్లని "మీ నంబర్ చెప్పండి" అనడం. ఆ తర్వాత మరిచిపోవడం బాగా తగ్గింది. ఆంబులెన్స్ స్ట్రెచర్ మీదే సీటీకి తీసుకెళ్లడానికి రేడియాలజీ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. వాళ్ల భయం న్యాయమైనదే, లోపల ఇంకో పేషెంట్ బల్ల మీద ఉంటే స్ట్రెచర్ కారిడార్‌లో ఆగిపోతుంది, ఆంబులెన్స్ చిక్కుకుపోతుంది, అవతల ఇంకెవరో దానికోసం ఎదురు చూస్తుంటారు. చివరికి, దారిలో ఉండగా కాల్ వచ్చిన వెంటనే సీటీ టెక్నీషియన్‌కి నేరుగా కబురు వెళ్లేట్టు చేశాక ఒప్పుకున్నారు. ఆ కబురు పంపేది ఏమిటో తెలుసా, మా ఇంజినీర్ యాప్‌లోంచి మిగిలిన చిన్న ముక్క. గోడ మీద స్క్రీన్ లేదు, ట్యాబ్‌లు లేవు. ఒక మెసేజ్ వెళ్తుంది, అంతే. అతని రాత్రుళ్లు వృథా పోలేదని నాకెంతో తృప్తి.

నిమిషాలు తగ్గాయి. పగలు ఎక్కువ తగ్గాయి, రాత్రి తక్కువ. ఫలితాలు ఇంకా అచ్చు కాలేదు కాబట్టి అంకెలు ఇక్కడ రాయను.

ఇక ఈ మధ్య నాకు నిద్ర పట్టనివ్వని విషయం. గ్రాంట్ అయిపోయిన మర్నాడు ఏమవుతుంది?

1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అనే ఆంబులెన్స్ సర్వీస్ మొదలైంది. అప్పట్లో అక్కడ రోగుల్ని పోలీసు వ్యాన్‌లోనో, శవాలను మోసే బండిలోనో తీసుకెళ్లేవారు, దారిలో వైద్యం ఉండేది కాదు. ఒక స్వచ్ఛంద నిధి, ఫెడరల్ ప్రభుత్వ పేదరిక నిర్మూలన డబ్బు కలిపి, ఉద్యోగాలు లేని నల్లజాతి యువకులకు శిక్షణ ఇచ్చారు. శిక్షణ రూపొందించింది సీపీఆర్ మార్గదర్శకుల్లో ఒకరైన పీటర్ సాఫర్. అంతకు ముందు ఏడాదే ఆయన చిన్న వయసు కూతురు ఆస్తమాతో చనిపోయింది. తర్వాత డాక్టర్ నాన్సీ కెరొలైన్ వాళ్లకు మెడికల్ డైరెక్టర్‌గా వచ్చారు. ఆవిడ అక్కడ తయారు చేసిన పాఠాలే ఆ దేశమంతటా పారామెడిక్ శిక్షణకు పునాది అయ్యాయి. అదే 1970ల్లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 44 ప్రాంతాలకు కలిపి కోటీ యాభై లక్షల డాలర్ల గ్రాంట్లు ఇచ్చింది. ఆంబులెన్సూ, ఆస్పత్రీ, ఫోన్ ఎత్తేవాళ్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే వ్యవస్థ కోసం. ఆ డబ్బుతో వేసిన దారుల మీదే తర్వాతి వ్యవస్థలు నడిచాయి. ఫ్రీడమ్ హౌస్‌కి మాత్రం ఆ అదృష్టం లేదు. 1975లో నగరపాలన సొంత ఆంబులెన్స్ సర్వీస్ పెట్టింది, ఫ్రీడమ్ హౌస్‌ని మూసేశారు. వాళ్ల పద్ధతి దేశమంతా వెళ్లింది. ఆ పద్ధతిని చేతులతో చేసి చూపించినవాళ్లలో చాలామంది కొత్త సర్వీస్‌లో నిలవలేకపోయారు.

నేను ఈ కథ చదివింది మా గ్రాంట్ పదిహేనో నెలలో. చదివిన రాత్రే లెక్క చూసుకున్నాను. నేల త్రాసు ఉంటుంది, దాన్ని ఏడాదికోసారి సరిచూసే ఖర్చు ఎవరి పేరు మీదా లేదు. ఒక పేజీ ఫారం ఉంటుంది, కొత్తగా చేరిన పారామెడిక్‌కి దాన్ని నేర్పే గంట ఎవరి డ్యూటీలోనూ లేదు. వారానికి రెండు రోజుల నా స్థానంలో నిలబడ్డ అమ్మాయి కాంట్రాక్ట్ గ్రాంట్‌తో పాటే ముగుస్తుంది. రాత్రివేళ నిమిషాలు తగ్గించింది ఆ అమ్మాయి ఉండడమే.

ప్రతి ఫారంలోనూ ప్రాజెక్ట్ ముగిశాక దీన్ని ఎలా కొనసాగిస్తారు అని ఒక గడి ఉంటుంది. పోయినసారి అందులో, ఫలితాలు బాగుంటే ఆస్పత్రి యాజమాన్యం తన బడ్జెట్‌లో చేర్చుకుంటుందని ఆశిస్తున్నాం అని రాశాను. ఇప్పుడు ఇంకో ఆస్పత్రితో కలిసి తర్వాతి విడతకు రాస్తున్నాం. ఈసారి ఆ గడినే మొదట తెరిచాను. మూడు వారాలు రెండు ఆస్పత్రుల ఫైనాన్స్ వాళ్ల గదుల బయట కూర్చున్నాక నిన్న సాయంత్రం ఒక ఉత్తరం చేతికొచ్చింది. గ్రాంట్ ముగిసిన తేదీ నుంచి రాత్రి డ్యూటీలో ఒక నర్సు పోస్టు తమ ఖర్చు మీద ఉంచుతామని, రెండేళ్ల పాటు. సంతకం ఉంది, తేదీ ఉంది. రెండో ఆస్పత్రి నుంచి ఇంకా రాలేదు. ఆఖరి తేదీకి పదకొండు రోజులున్నాయి, రేపు డ్యూటీ దిగాక మళ్లీ వెళ్తున్నాను.